సున్నపు డబ్బీలో రసాయన శాస్త్రం

రసాయనిక చర్యలు ఎన్ని రకాలని అడిగితే పదో తరగతి కుర్రవాడెవడైనా వేళ్ళు మడుస్తూ టకటకా అప్పజెప్పేస్తాడు: సంయోగం, వియోగం, స్థానభ్రంశం, ద్వంద్వ వియోగం. కాస్త చురుకైనవాడయితే ఆక్సీకరణం, తటస్థీకరణం అంటూ మరో రెండు తగిలిస్తాడు. "సరే నాయనా, మీ ఇంటి గోడకు కొట్టిన సున్నం వీటిలో ఏ రకం?" అని అడిగి చూడండి. గోడతో పాటు వాడూ తెల్లబోతాడు.

ముప్పై ఏళ్ళు కాలేజీలో ఈ పాఠమే చెప్పి రిటైరయినవాణ్ణి గనుక ఆ తెల్లబోవడం నాకు బాగా పరిచయం. పిల్లల తెలివికేమీ లోటు లేదు. పుస్తకాల్లో ఉదాహరణలే ఎక్కడెక్కడివో! సిల్వర్ నైట్రేటు, బేరియం క్లోరైడు, మెగ్నీషియం తీగ. ఏ గృహస్థు ఇంట్లో ఉన్నాయి ఇవి? మా ఆవిడ జన్మలో బేరియం క్లోరైడు చూడలేదు. చూడాలన్న కోరికా లేదు. ఆమెకున్నదల్లా ఒక తాంబూలపు పళ్ళెం, అందులో అత్తగారిచ్చిన సున్నపు డబ్బీ. ఆ డబ్బీలోని తెల్లటి ముద్ద పుట్టుపూర్వోత్తరాలు విచారిస్తే పైన చెప్పిన రకాలన్నీ ఒకదాని వెంట ఒకటి బయటికి వస్తాయి. కంటిచూపుకు ఒకటి, ఊపిరికి ఒకటి, ప్రాణం మీదికి వచ్చే సంగతులు రెండు కూడా అందులోనే ఉన్నాయి. అవి పరీక్షకు రాకపోవచ్చును గాని ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండవలసినవి.

ముందుగా బట్టీ దగ్గరికి పోదాం. పల్నాడులో పిడుగురాళ్ళ చూసినవారికి సున్నపు బట్టీలు కొత్త కాదు. సున్నపురాయినీ బొగ్గునూ పొరలు పొరలుగా వేసి కాలుస్తారు. వేడి సుమారు 900 డిగ్రీల సెంటిగ్రేడుకు చేరేసరికి రాయిలో ఇమిడి ఉన్న బొగ్గుపులుసు వాయువు విడిపోయి పైకి లేచిపోతుంది. అడుగున మిగిలేది పొడిసున్నం. చూడడానికి రాయిలాగే ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే తేలిపోతుంది. ఒకటిగా ఉన్నది రెండయింది; అన్నదమ్ములు వేరుపడ్డట్టన్నమాట. ఇదే వియోగం.

ఎంత తేలిపోతుందో లెక్క కూడా ఉన్నది. కల్తీలేని సున్నపురాయి 100 కిలోలు కాలిస్తే దక్కేది 56 కిలోల సున్నం. తక్కిన 44 కిలోలూ గాలిలో కలిసిపోతుంది. బట్టీ యజమాని కూలీలను అనుమానించనక్కరలేదు. సిమెంటు కర్మాగారాల్లో జరిగేదీ మొదట ఇదే. సిమెంటు తయారీ వల్ల గాలిలోకి పోయే బొగ్గుపులుసు వాయువులో సగానికి పైగా కాల్చిన బొగ్గుది కాదు, ఆ రాయి వదిలినది.

ఈ మాయమయ్యే బరువును త్రాసులో పట్టుకున్నవాడు జోసెఫ్ బ్లాక్ అనే వైద్య విద్యార్థి. స్కాట్లండులో ఎడింబరో విశ్వవిద్యాలయంలో చదివేవాడు. ఆ రోజుల్లో మూత్రాశయంలోని రాళ్ళకు సున్నపుతేట మందుగా ఇచ్చేవారు. గుల్లలు కాల్చిన సున్నం మంచిదని ఒక ప్రొఫెసరు, కాదు, రాతిసున్నమే మంచిదని ఇంకొక ప్రొఫెసరు వాదులాడుకునేవారు. మన తాంబూలప్రియుల తగువు అక్కడ కూడా ఉన్నదని తెలిసి నేను చాలా సంతోషించాను. ఇద్దరు గురువుల మధ్య ఇరుక్కోవడం దేనికనుకున్నాడు కాబోలు, బ్లాక్ సున్నాన్ని పక్కనపెట్టి దానికి దగ్గర చుట్టమైన మెగ్నీషియా మీద పని మొదలుపెట్టాడు. చివరకు సున్నం దగ్గరికి రాక తప్పలేదు.

పొడిసున్నం నాలుకకు తగిలితే కాలుతుంది గదా. బట్టీలోని నిప్పేదో సున్నంలో దూరి కూర్చున్నదని, అందుకే ఆ మంట అని అప్పటి పండితులు అనుకునేవారు. నిప్పు దూరితే బరువు పెరగాలి గాని తగ్గుతుందేమిటి? బ్లాక్ తూచి చూశాడు. సున్నంలోకి ఏదీ రాలేదు. ఉన్నదే ఒకటి పోయింది. పోయింది గాలి లాంటి వస్తువు. మనం విడిచే ఊపిరిలో ఉన్నదీ అదే. 1754లో తన సిద్ధాంత వ్యాసంలోనూ, 1756లో అచ్చయిన పెద్ద వ్యాసంలోనూ ఈ సంగతులు రాశాడు. గాలి అంటే ఒకటే అనుకునే లోకానికి గాలుల్లో రకాలున్నాయని తెలియడం అక్కడ మొదలయింది.

ఇక బట్టీ నుంచి ఇంటికి వద్దాం. నా చిన్నతనంలో సంక్రాంతికి నెల్లాళ్ళ ముందు మా పెరట్లో గొయ్యి తవ్వి సున్నం చల్లార్చేవారు. పొడిసున్నపు గడ్డల మీద నీళ్ళు పోస్తే మొదట బుసకొట్టినట్టు శబ్దం, తరువాత ఆవిరి, ఆ పైన గొయ్యంతా కుతకుతా ఉడకడం. కింద మంట లేదు, పైన మూత లేదు, అన్నం ఉడికినట్టు ఉడుకుతున్నది! మేము చుట్టూ మూగితే మా నాన్నగారు కర్ర పట్టుకుని తరిమేవారు. చల్లార్చడమని పేరే గాని అంత వేడి పని ఇంకొకటి లేదు. కిలో పొడిసున్నం నీళ్ళతో కలిసేటప్పుడు పుట్టే వేడి వృథా కాకుండా పట్టుకోగలిగితే మూడు లీటర్ల నీళ్ళు మరుగుతాయి.

రెండు వస్తువులు కలిసి ఒకటయినవి గనుక ఇది సంయోగం. పెళ్ళి అనుకోండి. 56 కిలోల పొడిసున్నం 18 కిలోల నీటిని తనలో కలుపుకుని 74 కిలోల తడిసున్నం అవుతుంది. అంతకు మించి పోసిన నీళ్ళు విడిగా ఉండిపోతాయి. కలవకుండా పక్కన నిలవడం వేరు, కలిసిపోవడం వేరు. రసాయన శాస్త్రమంతా ఆ తేడాలోనే ఉన్నది.

ఆ తడిసున్నాన్ని పలచగా చేసి, ఇంత నీలం మందు కలిపి, కుంచెతో గోడకు వెల్లవేస్తారు. వేసిన పూట గోడ నీరసంగా, చారలు చారలుగా ఉంటుంది. డబ్బు దండగ అయిందని ఇల్లాలు విసుక్కుంటుంది. రెండు రోజులు గడిచేసరికి తళతళలాడుతుంది. తడి ఆరినందువల్ల మాత్రమే కాదు. బట్టీలో పోగొట్టుకున్న బొగ్గుపులుసు వాయువును సున్నం గాలిలో నుంచి కొంచెం కొంచెంగా తిరిగి తీసుకుంటున్నది. 74 కిలోల తడిసున్నం 44 కిలోల వాయువును పీల్చి, 18 కిలోల నీటిని వదిలేసి, మళ్ళీ 100 కిలోల రాయి అవుతుంది. ఎక్కడ మొదలుపెట్టామో అక్కడికే, అణాపైసలతో సహా వచ్చాం. మీ గోడ మీద ఉన్నది పిడుగురాళ్ళ రాయే. కాకపోతే కాగితమంత పలచనిది. 1591లో కట్టిన చార్మినారు రాళ్ళను పట్టి ఉంచింది కూడా ఈ సున్నమే. గానుగలో ఆడించిన డంగుసున్నం ఏళ్ళ తరబడి గాలి పీలుస్తూ గట్టిపడుతుంది. మన పెద్దవాళ్ళు "ముదిరిన గోడ" అనేది అందుకే.

మా పక్కింటి అబ్బాయి ఈ సంవత్సరమే పదో తరగతి. ఈ లెక్క వాడికి చెబితే నమ్మలేదు. గ్లాసుడు నీళ్ళలో చిటికెడు సున్నం కలిపి, రాత్రంతా కదపకుండా ఉంచి, పైన తేట మాత్రం మరో గ్లాసులోకి వంచాను. గొట్టంతో అందులోకి మెల్లిగా ఊదమన్నాను. ఊదాలి గాని పీల్చకూడదని మూడుసార్లు చెప్పి, పక్కనే కూర్చున్నాను. పది ఊపిర్లకు తేట పాలలా తెల్లబడింది. వాడి ఊపిరే అందులో రాయి అయిందన్నమాట. వాడు ఉత్సాహంగా ఇంకా ఊదుతూ పోయాడు. చూస్తుండగా ఆ తెలుపు మళ్ళీ విరిగి నీళ్ళు తేరుకున్నాయి.

"ఇదేమిటి తాతగారూ, రాయి ఎక్కడికి పోయింది?"

ఎక్కడికీ పోలేదు. వాయువు మరీ ఎక్కువయితే ఆ రాయి నీటిలో కరిగే మరో రూపం దాలుస్తుంది. ఆ గ్లాసును పొయ్యి మీద పెడితే వాయువు పోయి మళ్ళీ తెలుపు కనిపిస్తుంది. నూతి నీళ్ళు కాచే గిన్నె అడుగునా, గీజరులోనూ పేరుకునే తెల్లటి పెచ్చు చాలావరకు ఇదే.

"అయితే గోడ మీద జరిగింది ఏ రకం? సంయోగమా, ద్వంద్వ వియోగమా?" అన్నాడు కుర్రవాడు నోటుబుక్కు తీసి.

ఏమని చెప్పను? వాయువు వచ్చి చేరింది గనుక సంయోగం పోలిక ఉన్నది. నీళ్ళు బయటికి వెళ్ళాయి గనుక అచ్చంగా అదీ కాదు. వాయువుకు పులుపు గుణం, సున్నానికి క్షార గుణం గనుక తటస్థీకరణం అన్నా తప్పు లేదు. రకాలనేవి మనం సౌకర్యానికి చేయించుకున్న అలమారా అరలు. బట్టలు అరలను బట్టి పుట్టవు. ఒక కండువాను పంచెల అరలో పెట్టినా, తువ్వాళ్ళ అరలో పెట్టినా అది కండువాయే. ఏది వచ్చింది, ఏది పోయింది, ఏది ఎవరితో చేరింది అని చూడడం వస్తే పేరు దానంతట అదే తెలుస్తుంది. మార్కులు వేసేవారికి ఈ జవాబు నచ్చదని నాకు తెలుసు. పరీక్షలో పుస్తకంలో ఉన్నట్టే రాయమని అబ్బాయికి చెప్పి పంపాను.

తటస్థీకరణమంటే ఏమిటో మన ఆడవాళ్ళకు చూపించనక్కరలేదు. దిష్టి తీయడానికి పసుపు నీళ్ళలో సున్నం కలిపితే ఎర్రనీళ్ళవుతాయి. పసుపులోని రంగు పదార్థానికి క్షారం తగిలితే ఎరుపు. అదే దాని గుణం. ఆ ఎర్రనీళ్ళలో నిమ్మకాయ పిండి చూడండి. మళ్ళీ పసుపు! నిమ్మరసంలోని ఆమ్లం, సున్నంలోని క్షారం ఒకదాన్నొకటి విరిచేసుకుని, ఒక లవణమూ కాసిని నీళ్ళూ మిగిల్చాయి. బెల్లం వండేవారు చెరకు రసంలో సున్నపు నీళ్ళు పోసేదీ ఇందుకే. రసంలో సహజంగా ఉండే పులుపును అట్లాగే ఉంచి కాస్తే పంచదార విరిగి, బెల్లం గడ్డకట్టక జావగా ఉండిపోతుంది. సున్నం ఆ పులుపును చంపుతుంది. మురికిని తెట్టుగా పైకి తేలుస్తుంది. కాని చెయ్యి జారి ఎక్కువ పడితే బెల్లం నల్లబడుతుంది. ఎంత వెయ్యాలో అనకాపల్లి వైపు బెల్లం వండేవారికి చూపుతోనే తెలుస్తుంది. మేము కాలేజీలో అదే పనికి బ్యూరెట్టు, పిప్పెట్టు పెట్టుకుని అరగంట కుస్తీ పట్టేవాళ్ళం.

ఇంతవరకూ వినోదంగానే ఉన్నది. ఇప్పుడు చెప్పబోయేది వినోదం కాదు.

పోయిన వేసవిలో ఒక సాయంకాలం ఎదురింటి వారి మనుమరాలు, నాలుగేళ్ళ పిల్ల, కిళ్ళీకొట్లో పొగాకుతో పాటు ఇచ్చే చిన్న సున్నపు ప్యాకెట్టు ఎక్కడో దొరికితే ఆడుకుంటున్నది. ప్లాస్టిక్కు సంచీ మెత్తగా, బొమ్మలా ఉంటుంది గదా. రెండు చేతులా నొక్కింది. టప్పున పగిలి సున్నం కంట్లో పడింది. ఆ పిల్ల పెట్టిన కేకకు వీధి వీధంతా పరుగెత్తుకొచ్చింది.

వచ్చినవాళ్ళు తలొక వైద్యం చెప్పారు. ఒకరు నెయ్యి వెయ్యమన్నారు. ఒకరు చనుబాలు పొయ్యమన్నారు. మా పక్కింటి అబ్బాయి లోపలికి పరుగెత్తి నిమ్మకాయ కోసుకొచ్చాడు. "తాతగారూ, సున్నం క్షారం గదా! ఆమ్లం పోస్తే తటస్థీకరణం అయిపోతుంది!" అన్నాడు ఆయాసపడుతూ. పాపం, ఎర్రనీళ్ళ ప్రయోగం చూసి నాలుగు రోజులు కూడా కాలేదు.

నేను జవాబు చెప్పేలోపల మా ఆవిడ ఆ పిల్లను చంకన వేసుకుని పంపు దగ్గరికి వెళ్ళిపోయింది. "వదినగారూ, తల పట్టుకోండి" అని పిల్ల నాయనమ్మను పిలిచి, సున్నం పడిన కన్ను కిందివైపు ఉండేట్టు తల వంచి, రెండు వేళ్ళతో రెప్పలు విడదీసి, ధారగా నీళ్ళు పోస్తూనే ఉన్నది. పిల్ల గింజుకుంటున్నా వదలలేదు. ఆటో వచ్చి నిలబడ్డా, నేను గడియారం చూసి ఇరవై నిమిషాలు దాటిందనేదాకా ఆపలేదు. ఆటోలో కూడా సీసాతో నీళ్ళు పోసుకుంటూ వెళ్ళారు. కంటి ఆస్పత్రిలో డాక్టరు రెప్ప తిరగేసి, ఇంకా లోపల అంటుకుని ఉన్న సున్నపు రేణువులు తీశాడు. వారం రోజులు కట్టు, నెల్లాళ్ళు మందు. కన్ను దక్కింది. వెంటనే కడిగినందువల్లనే దక్కిందని డాక్టరు చెప్పాడు.

నిమ్మరసం ఎందుకు కూడదో ఆ రాత్రి కుర్రవాడికి వివరించాను. ఆమ్లం, క్షారం కలిసినప్పుడు వేడి పుడుతుంది. అది కంట్లో పుట్టాలా? ఎంత సున్నం పడిందో ఎవరు తూచారు, ఎన్ని చుక్కలు సరిపోతాయో ఎవరు లెక్కగట్టారు? ఒక్క చుక్క ఎక్కువైతే ఆమ్లమే మరో దెబ్బ కొడుతుంది. అసలు క్షారపు గాయం ఆమ్లపు గాయం కన్నా కంటికి మోసకారి. ఆమ్లం తగిలినచోట మాంసకృత్తులు గడ్డకట్టి, అది లోపలికి పోకుండా కొంతవరకు అడ్డు కడతాయి. క్షారమట్లా కాదు. కణాల పొరల్లోని కొవ్వును సబ్బుగా మార్చి దారి చేసుకుంటూ లోలోపలికి పోతుంది. ఆలస్యమయిన ప్రతి నిమిషమూ అది ముందుకు సాగే నిమిషమే. కనుక నెయ్యి వద్దు, పాలు వద్దు, నిమ్మకాయ వద్దు. నలపడం అసలే వద్దు. శుభ్రమైన నీళ్ళు, ధారగా, అరగంట సేపు. అటు పిమ్మట కళ్ళ డాక్టరు.

"మరి సున్నం మీద నీళ్ళు పోస్తే ఉడుకుతుందన్నారు గదా?" అన్నాడు వాడు.

ఆ ప్రశ్నకు నాకు నిజంగా ముచ్చట వేసింది. డబ్బీలోని సున్నం, ప్యాకెట్టులోని సున్నం ఇదివరకే చల్లార్చినవి. దాని పెళ్ళి అయిపోయింది. మళ్ళీ నీళ్ళు పోస్తే మళ్ళీ ఉడకదు. కొత్త ఇల్లు కట్టేచోట పొడిసున్నమే పడిందనుకోండి, అప్పుడు పొడిని ముందు దులిపెయ్యాలి. కంటిలో పడితే మాత్రం అప్పుడు కూడా నీళ్ళే. నీళ్ళు చుక్కలు చుక్కలుగా కాక ధారగా పోతే పుట్టిన వేడినీ, సున్నాన్నీ కూడా వెంట తీసుకుపోతాయి.

మిగిలిన రెండు రకాలూ తోటలో దొరుకుతాయి. స్థానభ్రంశమంటే కుర్చీలో కూర్చున్నవాణ్ణి లేపి తాను కూర్చోవడం. ద్వంద్వ వియోగమంటే కుండమార్పు పెళ్ళి. ఈ ఇంటి పిల్ల ఆ ఇంటికి, ఆ ఇంటి పిల్ల ఈ ఇంటికి. తమలపాకు తోటల్లోనూ, నిమ్మ తోటల్లోనూ తెగుళ్ళకు చల్లే బోర్డో మిశ్రమంలో రెండూ కనిపిస్తాయి. మైలుతుత్తం ఒక కిలో, సున్నం ఒక కిలో, నీళ్ళు 100 లీటర్లు. మైలుతుత్తంలోని రాగి సున్నం జతను పట్టుకుంటుంది, సున్నంలోని కాల్షియం మైలుతుత్తపు జతను పట్టుకుంటుంది. ఆకాశపు రంగు మిశ్రమం తయారవుతుంది.

దీని పుట్టుక దొంగల పుణ్యం. ఫ్రాన్సులో బోర్డో ప్రాంతపు ద్రాక్ష తోటల వాళ్ళు, బాటసారులు పళ్ళు కోసుకుపోకుండా, బాట పక్క వరుసల మీద మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవారు. చూస్తే విషంలా కనబడాలని. తెగులుకు తోటంతా ఆకులు రాల్చి నిలబడితే ఆ బాట పక్క తీగలు మాత్రం పచ్చగా ఉండడం 1882లో మిల్లార్డే అనే వృక్షశాస్త్రజ్ఞుడి కంట పడింది. మూడేళ్ళు పనిచేసి 1885లో దాన్ని మందుగా ప్రకటించాడు.

మిశ్రమం సరిగా కుదిరిందో లేదో చూడడానికి రైతులు శుభ్రంగా నూరిన కొడవలి అందులో కాసేపు ముంచి తీస్తారు. మీద ఎర్రటి పూత కనిపిస్తే ఇంకా సున్నం కావాలన్నమాట. ఆ ఎరుపు రాగి. సున్నంతో జతపడకుండా మిగిలిపోయిన మైలుతుత్తంలో కొడవలి ఇనుము దిగి, రాగిని లేపి తాను కూర్చున్నది. లేచిన రాగి కొడవలికి అంటుకున్నది. అట్లా మిగిలిన మైలుతుత్తం లేత ఆకులను మాడ్చేస్తుంది. మైలుతుత్తం ఇనప బాల్చీలో కరిగించకూడదన్న నియమం కూడా అందుకే వచ్చింది. కొడవలితో ఇంత చక్కటి ప్రయోగం ఉండగా పిల్లల చేత సిల్వర్ నైట్రేటు కొనిపించడం నాకెప్పుడూ నచ్చలేదు.

ఇక ఆఖరిది, ఊపిరికి సంబంధించినది. సున్నానికి ఇంకొక సంతానం ఉన్నది. పేరు బ్లీచింగు పౌడరు. పూర్వం యూరప్‌లో బట్టలు తెల్లబడడానికి పచ్చిక మీద వారాల తరబడి ఎండలో పరిచి ఉంచేవారు. 1799లో గ్లాస్గోలో చార్లెస్ టెనంట్ తడిసున్నానికి క్లోరిన్ వాయువు పట్టించి పొడి చేసే పద్ధతికి పేటెంటు పుచ్చుకున్నాడు. వారాల పని గంటల్లోకి వచ్చింది. ఈ పొడి రంగుల మీదా, సూక్ష్మక్రిముల మీదా చేసే పని ఆక్సీకరణం. వాటిని ఒక రకంగా కాల్చెయ్యడమే, మంట లేకుండా. వరదలు వచ్చాక నూతుల్లో చల్లేది ఇదే.

సున్నం క్లోరిన్‌ను పట్టి ఉంచినంతసేపూ భయం లేదు. ఆమ్లం తగిలిందా, పట్టు వదిలేస్తుంది. స్నానాల గది కడగడానికి ఒక చేత్తో బ్లీచింగు చల్లి, మరకలు పోలేదని దాని మీదనే యాసిడ్ పోసేవారు ఉన్నారు. రెండు మందులయితే రెండింతలు శుభ్రమని వాళ్ళ నమ్మకం. జరిగేది వేరు. పసుపు పచ్చని క్లోరిన్ పైకి లేస్తుంది. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలో ఈప్రె దగ్గర జర్మన్లు శత్రువుల మీదికి వదిలిన విషవాయువు ఇదే. గాలికన్నా రెండున్నర రెట్లు బరువు గనుక నేల మీదనే పారాడుతుంది. తలుపు వేసుకుని, కిటికీ లేని చిన్న గదిలో, కిందికి వంగి నేల రుద్దే మనిషి ముక్కుకు ఎంత దగ్గరో ఆలోచించండి. ఇంట్లోవాళ్ళకన్నా ఎక్కువగా ఈ పని చేసేది మనం జీతమిచ్చి పెట్టుకున్న పనిమనిషి. సీసా మీద చిన్న అక్షరాల్లో ఏమి రాశారో ఆమెకు ఎవరూ చదివి చెప్పరు.

ఘాటు వాసన తగిలి దగ్గు వచ్చిందంటే, కడగడం పూర్తిచేద్దామని ఆగకూడదు. వెంటనే బయటికి వచ్చెయ్యాలి, తలుపు బార్లా తెరవాలి, మంచి గాలిలో కూర్చోవాలి. దగ్గు ఆగకపోయినా, ఆయాసం వచ్చినా ఆస్పత్రికి పోవాలి. నీళ్ళు పోద్దామని మళ్ళీ లోపలికి వెళ్ళకూడదు.

ఇది విన్న రోజునే మా ఆవిడ యాసిడ్ సీసాను స్నానాల గది గూట్లో నుంచి తీసి పెరటి అటక మీద పెట్టించింది. బ్లీచింగు డబ్బా వంటింటి వెనక వసారాలో ఉన్నది. రెండింటికీ మధ్య రెండు తలుపులు, ఒక వరండా. ఆదివారం బ్లీచింగు, గురువారం యాసిడ్, ఏది వేసినా పూర్తిగా నీళ్ళతో కడిగేశాకనే రెండోది అని పనిమనిషికి కూడా చెప్పింది. తాంబూలపు పళ్ళెంలోని సున్నపు డబ్బీ మాత్రం ఇప్పుడు బీరువా పైన, నాకే అందనంత ఎత్తున ఉన్నది. భోజనమయ్యాక ప్రతిరోజూ స్టూలు వేసుకుని దాన్ని దించే పని నాకు పడింది.